పాత పికప్ వెనక సగంతో ట్రెయిలర్

(సొంతంగా బండ్ల పని చేసుకునేవారి సమావేశంలో ఒక ఫ్యాబ్రికేషన్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినపడుతోందా? సరే.

విషయం మీకు తెలిసిందే. ఇంజిన్ పోయిన పాత పికప్ ఒకటి చేతికొచ్చింది. ముందు భాగం తుక్కు కింద పోవాల్సిందే. వెనక మాత్రం చాసీ గట్టిగా ఉంది. కమాన్ కట్టలు, ఇరుసు, చక్రాలు, బ్రేకులు, తొట్టి, దాని తలుపు, లైట్లు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. క్యాబిన్ వెనక అడ్డంగా కోసి, ముందొక డ్రాబార్, అంటే లాగడానికి ముందుకి చాచిన ఇనుప కాడి, తగిలిస్తే ట్రెయిలర్ అయిపోయినట్టే కదా అనిపిస్తుంది. వీడియోల్లో చూస్తే ఒక పూట పనిలాగే కనిపిస్తుంది కూడా.

కానీ ఆ వెనక సగాన్ని తయారు చేసినప్పుడు దాని ముందు ఇంకో సగం ఉందండీ. బరువు వెనక్కి మొగ్గితే ముందు చక్రాల మీదున్న ఇంజిన్ ఆపేది. బ్రేకు తొక్కడానికి ముందు ఒక మనిషి ఉండేవాడు. లైట్ల ఎర్త్, అంటే కరెంటు తిరిగొచ్చే దారి, చాసీ గుండా బ్యాటరీకి చేరేది. గ్రైండర్ పెట్టి కోసేసరికి ఇవన్నీ తెగిపోతాయి. అందుకని ఒక్కో భాగం దగ్గరా ఆగి, ఇది ఇంతకుముందు దేని మీద ఆధారపడింది, ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తారు అని అడగాలి. నా ప్రసంగం అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు బండి ఎంపిక. రెండు పొడవాటి పట్టాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు, నిచ్చెనలాంటి చాసీ ఉన్న బండే ఈ పనికి పనికొస్తుంది. కారులాగా బాడీ, చాసీ ఒకటే అయిన బండిని కోస్తే మిగిలేది రేకు డబ్బా, దాని బలమంతా చుట్టూ ఉన్న రేకులోనే ఉంటుంది. చాసీ చూసేటప్పుడు వెనక ఇరుసు పైన వంపు తిరిగే చోటు, కమాన్ కట్టల బ్రాకెట్లు తగిలే చోటు బాగా చూడండి. బురద పేరుకునేది అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. చిన్న సుత్తి తీసుకుని పట్టా పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల తిన్న చోట దబ్బుమంటుంది. నాలుగు వైపులా మూసిన పెట్టెలాంటి పట్టాలైతే ఇంకా జాగ్రత్త, అవి లోపలినుంచి తుప్పు పట్టి, బయట పెయింటు నిగనిగలాడుతూనే ఉంటాయి.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ దీన్ని చివరికి వదిలేస్తారు. చాలా పికప్‌లలో చాసీ నంబరు ముందు భాగంలోనే కొట్టి ఉంటుంది. కోసిన తర్వాత ఆ నంబరు తుక్కులోకి పోతుంది. మీ చేతిలో ఉన్నది నంబరు లేని కొత్త వాహనం. ఇంట్లో తయారు చేసిన ట్రెయిలర్‌ని ఒక్కో దేశంలో ఒక్కోలా చూస్తారు. యూరప్‌లో మొత్తం బరువు 750 కిలోలు దాటితే బ్రేకులు తప్పనిసరి. ఆస్ట్రేలియాలో చిన్న ట్రెయిలర్ల తయారీకి ప్రత్యేకంగా ఒక నియమావళి ఉంది, 4.5 టన్నుల వరకు దాని కిందికే వస్తాయి. మీరున్న చోట నియమం ఏమిటో గ్రైండర్ పట్టుకోకముందే రవాణా కార్యాలయంలో కనుక్కోండి. లైట్లు ఎక్కడుండాలి, వెడల్పు ఎంత, తనిఖీ ఎవరు చేస్తారు అనేవి తెలిస్తే డిజైన్ సగం తేలిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, బరువు.

ఎడ్లబండి ఎరిగినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కువైతే నొగ పైకి లేచి ఎద్దుల గొంతు కింద పలుపులు బిగుస్తాయి. ముందు ఎక్కువైతే మెడలు దిగబడతాయి. రెండు చక్రాల బండి ఏదైనా అంతే. ట్రెయిలర్‌కి ఈ ముందు బరువు, అంటే కప్లర్ (లాగే బండి హుక్కు బంతిని పట్టుకునే డ్రాబార్ కొస) దగ్గర లాగే బండి మీద పడే బరువు, మొత్తంలో సుమారు 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో చెప్తారు. యూరప్‌లో ఇంకా తక్కువతో సరిపెట్టుకుంటారు, అక్కడి కార్ల హుక్కులు అంత బరువు మోసేలా చెయ్యరు. కాబట్టి లాగే బండి పుస్తకంలో రాసిన పరిమితి చూసుకుని, దానికి లోబడి ఉండాలి.

ముందు బరువు చాలకపోతే ఏమవుతుంది? కొంత వేగం వరకు ఏమీ కాదు. అదే దీనితో వచ్చే చిక్కు. ఆ వేగం దాటాక గాలి తోసినా, పక్కనుంచి లారీ వెళ్లినా ట్రెయిలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. సరిగ్గా ఉన్న ట్రెయిలర్‌లో ఆ ఊపు రెండు మూడు సార్లలో చచ్చిపోతుంది. వెనక బరువున్న ట్రెయిలర్‌లో ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. చివరికి లాగే బండి వెనక చక్రాలనే పక్కకి లాగేస్తుంది. నెమ్మదిగా నడిపి, బాగానే ఉంది అనుకున్న ట్రెయిలర్ పెద్ద రోడ్డెక్కాక తిరగబడేది ఇలాగే.

లెక్క చాలా తేలిక. బరువు కేంద్రం ఇరుసుకి ఎంత ముందుందో ఆ దూరాన్ని బరువుతో గుణించి, ఇరుసు నుంచి కప్లర్ వరకు ఉన్న దూరంతో భాగించండి. కప్లర్ 3 మీటర్ల ముందుంది, మొత్తం 1000 కిలోలు, కేంద్రం ఇరుసుకి 30 సెంటీమీటర్ల ముందుంది అనుకోండి. 1000 ఇంటూ 0.3 బై 3, అంటే 100 కిలోలు. సరిగ్గా 10 శాతం.

పికప్‌తో చిక్కు ఇక్కడే వస్తుంది. పికప్ తొట్టి కింద ఇరుసు దాదాపు మధ్యలో ఉంటుంది. చాలా బండ్లలో మధ్య కంటే కాస్త ముందుకే ఉండి, తొట్టి వెనక భాగం పొడుగ్గా వేలాడుతుంది. పికప్‌కి అది తప్పేమీ కాదు, ముందు ఇంజిన్ ఉంది కాబట్టి. ట్రెయిలర్‌కి ఇది తలకిందుల అమరిక. తొట్టి మధ్యభాగం ఇరుసుకి 10 సెంటీమీటర్ల వెనకుందనుకోండి. దాంట్లో 600 కిలోలు సమంగా పరిస్తే కప్లర్‌ని 20 కిలోలతో పైకి ఎత్తుతుంది. డ్రాబార్, చాసీ సొంత బరువు దాన్ని కొంత అణిచిపెడుతుంది, కానీ మీరు మొదలుపెట్టింది మైనస్‌లో.

తొట్టిని ముందుకి జరిపేద్దాం అంటారు. జరపొచ్చు, కానీ చక్రాల కోసం వంచిన ఆర్చ్‌లు తొట్టిలోనే ఉన్నాయి కదా, అవి కూడా ముందుకి జరిగి చక్రం రేకుకి తగులుతుంది. ఇరుసుని వెనక్కి జరుపుదామంటే చాసీ పట్టా అక్కడ వంపు తిరిగి ఉంటుంది, కమాన్ బ్రాకెట్లు అక్కడ సరిగ్గా కూర్చోవు. నా మటుకు నేను మూడు దారులు చూస్తాను. ఒకటి, పాత తొట్టి మీద ప్రేమ లేకపోతే దాన్ని తీసేసి, చక్రాలకి విడిగా మడ్‌గార్డులు పెట్టి, మీక్కావలసిన చోట కూర్చునేలా కొత్త బల్ల కట్టుకోవడం. శుభ్రమైన పని. రెండు, తొట్టి అలాగే ఉంచాలనుకుంటే తోక కొయ్యడం. వెనకనుంచి 30 సెంటీమీటర్లు తీసేసి తలుపుని ముందుకి తెచ్చి బిగిస్తే తొట్టి మధ్యభాగం 15 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. ఇందాకటి లెక్కలో మైనస్ 10 కాస్తా ప్లస్ 5 అయింది. మూడు, తొట్టికీ కప్లర్‌కీ మధ్యన పనిముట్ల పెట్టె పెట్టడం. పెట్టె 60 కిలోలు, ఇరుసుకి 1.4 మీటర్ల ముందుంటే కప్లర్ మీద 28 కిలోలు వస్తాయి.

ఈ మూడో దారిలో ఒక మోసం ఉంది. కొంతమంది స్టెప్నీని వెనక తలుపుకి తగిలించి, దాన్ని సరిచేయడానికి ముందు ఇంకా పెద్ద పెట్టె పెడతారు. తూకం వేస్తే కప్లర్ బరువు సరిగ్గానే వస్తుంది. అయినా ఆ ట్రెయిలర్ ఊగుతుంది. రెండు కొసల్లో బరువులున్న వస్తువు ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆగడం కష్టం. బరువైనవన్నీ ఇరుసుకి దగ్గరగా, కిందుగా, కాస్త ముందుకి ఉండాలి. స్టెప్నీని తొట్టికి ముందు, డ్రాబార్ మొదట్లో పడుకోబెట్టండి.

సరే, ఇక కోత. తొట్టి ఎత్తి పక్కన పెట్టాక ఇంధనం ట్యాంకు పూర్తిగా బయటికి తీసెయ్యండి. ఖాళీ ట్యాంకే కదా అని వదిలెయ్యకండి, నిండుగా ఉన్నదాని కంటే ఆవిరి పట్టిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. బ్రేకు పైపులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పండి. లైట్ల వైరింగుని మాత్రం కనీసం అర మీటరు అదనంగా ఉంచి కత్తిరించండి. ఇంకో మాట. వెల్డింగ్ చేసే చోటు బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తుడవద్దు. వాటిల్లో కొన్నింట్లో క్లోరిన్ ఉన్న ద్రావకాలుంటాయి. వెల్డింగ్ వేడికి, వెలుగుకి అవి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. డబ్బా మీద ఏం రాసుందో చదవండి, లేదా మామూలు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

చాసీని రసమట్టంతో సమంగా నిలబెట్టి, కోసే గీతకి రెండు వైపులా స్టాండ్లు పెట్టాకే గ్రైండర్ ఆన్ చెయ్యాలి. ఎక్కడ కొయ్యాలి? కమాన్ కట్ట ముందు బ్రాకెట్‌కి వీలైనంత ముందుగా, పట్టా తిన్నగా ఉన్న చోట. పొడుగ్గా వదిలితే తర్వాత తగ్గించుకోవచ్చు.

డ్రాబార్ విషయంలో ఒక కోరిక అందరికీ పుడుతుంది. చాసీ పట్టాల్నే పొడుగ్గా ఉంచి, వి ఆకారంలో గాట్లు పెట్టి, లోపలికి వంచి, రెండు కొసలూ కలిపి కప్లర్ బిగిస్తే వేరే ఇనుమే అక్కర్లేదు కదా అని. చూడ్డానికి బాగుంటుంది. నేను వద్దంటాను. వంపు ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ పడేది డ్రాబార్ చాసీని వదిలి బయటికొచ్చే చోట. మీరు గాటు పెట్టి అతికేదీ సరిగ్గా అక్కడే. దానికి బదులు విడిగా రెండు చానెళ్లు తీసుకుని, వాటిని పట్టాల కింద నుంచి కమాన్ ముందు బ్రాకెట్ దాకా తీసుకెళ్లండి. పట్టా, చానెల్ ఒకదాని మీద ఒకటి ఎంత పొడుగున కలిసుంటే అంత మంచిది. కిందనుంచి వెయ్యడంలో ఇంకో లాభం ఉంది. పికప్ చాసీ ఎత్తుగా ఉంటుంది. యూరప్ ప్రమాణం ప్రకారం కారు హుక్కు బంతి మధ్యభాగం, నిండు బరువుతో, నేలకి 350 నుంచి 420 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. డ్రాబార్ కింద ఉంటే ఈ తేడా కొంత తగ్గుతుంది. తగిలించాక ట్రెయిలర్ నేలకి సమాంతరంగా నిలబడాలి, ముక్కు పైకెత్తి ఉండకూడదు.

వెల్డింగ్ గీతలు పట్టా పొడవునా వెళ్లాలి. పైనా కిందా ఉన్న అంచుల మీద అడ్డంగా గీత వేస్తే పగులు మొదలవడానికి మీరే చోటు చూపించినట్టు. బలానికి ప్లేటు వేసినా దాని కొసలు నిటారుగా కాకుండా ఏటవాలుగా కోయండి, అప్పుడు బరువు ఒక్క గీత మీద ఆగకుండా మెల్లగా పట్టాలోకి దిగుతుంది.

పూర్తిగా అతికే ముందు, టాక్‌ల మీద, అంటే అక్కడక్కడా చుక్కల్లా అతికి ఉండగానే, టేపు తీసుకోండి. కప్లర్ మధ్యబిందువు నుంచి ఇరుసు ఎడమ కొసకీ, కుడి కొసకీ కొలవండి. రెండు కొలతలకీ 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. తేడా ఉంటే ట్రెయిలర్ రోడ్డు మీద పక్కవాటుగా నడుస్తుంది, టైర్లు ఈకలు లేచినట్టు అరిగిపోతాయి. వెల్డింగ్ వేడికి చాసీ గుంజుకుంటుంది కాబట్టి మధ్య మధ్యలో మళ్లీ మళ్లీ కొలుస్తూనే ఉండాలి.

ఇరుసు దగ్గరికొద్దాం. నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. లోపల క్రౌన్ వీల్, పినియన్ అనే గేర్లు ఊరికే తిరుగుతుంటాయి కదా, పీకేస్తే బరువు తగ్గుతుంది కదా అని. పీకే ముందు మీ ఇరుసు ఏ రకమో చూడండి. చక్రం మధ్యలోంచి హబ్ గుమ్మటంలా బయటికి పొడుచుకొచ్చి, దాని చుట్టూ బోల్టుల వరుస కనిపిస్తే అది ఫుల్ ఫ్లోటింగ్. అందులో చక్రం బరువంతా హౌసింగ్ గొట్టం మీదే ఉంటుంది. ఆ బోల్టులు విప్పి యాక్సిల్ షాఫ్ట్, అంటే చక్రాన్ని తిప్పే లోపలి కడ్డీ, బయటికి లాగేసినా చక్రం ఊడదు. తర్వాత హబ్‌కి మూత వేసి, బేరింగులకి గ్రీజు పెట్టుకుంటే చాలు.

చిన్న పికప్‌లలో ఎక్కువగా ఉండేది సెమీ ఫ్లోటింగ్. ఇందులో చక్రాన్ని పట్టుకునేది యాక్సిల్ షాఫ్టే. కొన్నింటిలో ఆ షాఫ్ట్ లోపలి కొసకి సి ఆకారంలో ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. బొటనవేలంత ముక్క. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుంపు) లోపలి అడ్డ పిన్ను ఆ షాఫ్ట్‌ని లోపలికి జరగనివ్వదు కాబట్టి క్లిప్పు దాని గూట్లో కూర్చుంటుంది. ఆ క్లిప్పు ఉంది కాబట్టి చక్రం బయటికి రాదు. అక్కడ లోపలి సామానంతా తీసేసి మూత బిగిస్తే, మొదటి మలుపులోనే చక్రం షాఫ్ట్‌తో సహా బయటికి నడిచిపోతుంది. క్లిప్పు లేని రకాల్లో బయటి బేరింగ్ దగ్గర ప్లేటు పట్టుకుంటుంది, దాని సంగతి వేరు.

ఆయిల్ సంగతీ చూడాలి. సెమీ ఫ్లోటింగ్ ఇరుసుల్లో చాలావాటికి చక్రాల బేరింగులకి గ్రీజు ఉండదు. క్రౌన్ వీల్ తిరుగుతూ ఆయిల్ని చిమ్మితే, అది గొట్టం గుండా పారి బేరింగుకి చేరుతుంది. పనిలేకుండా తిరుగుతోందని మీరు జాలిపడిన ఆ క్రౌన్ వీల్ చేస్తున్న పని అది. అందుకే నా సలహా, సెమీ ఫ్లోటింగ్ అయితే లోపల వేలు పెట్టకండి. సీళ్లు కొత్తవి వేసి, ఆయిల్ మార్చి, పినియన్ ఫ్లాంజ్ నట్టు బిగువుగా ఉందో లేదో చూసి, గాలిగొట్టం మూసుకుపోకుండా శుభ్రం చేసి వదిలెయ్యండి. మునుపటి యజమాని డిఫరెన్షియల్‌ని వెల్డ్ చేసి ఉంటే మాత్రం ఆ ఇరుసు వద్దు, మలుపుల్లో రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని పట్టుబడుతుంది.

కమాన్ కట్టల గురించి రెండు ముక్కలు. అవి ఒక టన్ను దాకా మోసే పికప్ కోసం చేసినవి. ట్రెయిలర్ ఖాళీగా ఉంటే అవి వంగవు, ట్రెయిలర్ గంతులేస్తుంది. కింద ఉన్న లావుపాటి సహాయ పట్టీ తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కళ్లు ఉన్న పై పట్టీ జోలికి మాత్రం పోవద్దు. విప్పిన యు బోల్టులు మళ్లీ వాడొద్దు, బిగించినప్పుడే అవి సాగి ఉంటాయి. షాక్ అబ్జార్బర్లు ఉంచుకోండి. చిన్న ట్రెయిలర్లలో చాలావాటికి అసలు షాక్‌లే ఉండవు, మీకు ఊరికే దొరికాయి.

చక్రాల మీద ఒక పాత ముచ్చట. 1940లో మొదటి జీపు నమూనా తయారుచేసింది అమెరికన్ బాంటమ్ అనే చిన్న కంపెనీ. యుద్ధకాలంలో పెద్ద ఆర్డర్లన్నీ విల్లీస్‌కి, ఫోర్డ్‌కి వెళ్లాయి. బాంటమ్‌కి మిగిలింది జీపు వెనక తగిలించే పావు టన్ను ట్రెయిలర్ల పని. దానికి వాళ్లు జీపు చక్రాలే వాడారు, చక్రాల మధ్య దూరం కూడా జీపుదే. ఒక్క స్టెప్నీ రెండింటికీ పనికొచ్చేది, జీపు చేసిన గాడిలోనే ట్రెయిలర్ నడిచేది. మీరు లాగే బండీ, కోసిన బండీ ఒకే రకం అయితే ఈ లాభం మీకూ దక్కుతుంది. పాత బండితో వచ్చిన టైర్లు అరగకపోయినా తయారీ తేదీ చూడండి. పక్కగోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం.

బ్రేకులు. డ్రమ్ములు, సిలిండర్లు, షూలు ఉన్నాయి. తొక్కే కాలు లేదు. దానికి జవాబు ఓవర్‌రన్ కప్లర్. లాగే బండి వేగం తగ్గగానే ట్రెయిలర్ ముందుకి తోసుకొస్తుంది. ఆ తోపుకి కప్లర్ లోపలికి జరిగి, మాస్టర్ సిలిండర్‌ని నొక్కి బ్రేకు వేస్తుంది. మంచి ఏర్పాటు. కానీ దానికి ముందుకి బ్రేకు వెయ్యడం, వెనక్కి తోలడం రెండూ ఒకటే. రివర్స్‌లో తోస్తే కప్లర్ జరిగి బ్రేకులు పట్టేసి కూర్చుంటాయి. పికప్ డ్రమ్ములకి రివర్స్‌లో వాటంతటవే వదిలే ఏర్పాటు ఉండదు. అందుకని రివర్స్ లైటు వైరుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వు ఒకటి పైపులో పెడతారు, లైటు వెలిగినంతసేపూ బ్రేకు నూనెని అది ఆపుతుంది. చాసీకీ ఇరుసుకీ మధ్య ఒక కడ్డీతో ఉన్న లోడ్ వాల్వు కనిపిస్తుంది చాలా పికప్‌లలో. ఖాళీ బండి వెనక చక్రాలు బిగుసుకుపోకుండా ఒత్తిడి తగ్గించేది అది. ముందు బ్రేకులతో పొత్తు కుదర్చడం దాని పని. ఇప్పుడు ముందు బ్రేకులు లేవు కాబట్టి అది ఉండాలా వద్దా అన్నది బ్రేకుల పని తెలిసినవాళ్లతో చూపించి తేల్చుకోండి.

హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ని మాత్రం పారేయొద్దు. లీవరుతో సహా డ్రాబార్ మీద బిగించండి. ట్రెయిలర్‌ని విప్పి నిలిపినప్పుడు గేరులో వదిలే వీలు దానికి లేదు కదా. ఆ లీవరుకే ఒక సన్నటి తీగ కట్టి లాగే బండికి తగిలిస్తే, కప్లర్ ఊడిన రోజున తీగ లీవరుని లాగి బ్రేకు వేసి, తర్వాత తాను తెగిపోతుంది.

కప్లర్ కొనేటప్పుడు కొలత కళ్లతో చూసి తేల్చొద్దు. ప్రపంచంలో చాలాచోట్ల బంతి 50 మిల్లీమీటర్లు. అమెరికా బంతుల్లో ఒకటి 2 అంగుళాలు, అంటే 50.8. తేడా మిల్లీమీటరు కూడా లేదు. 2 అంగుళాల కప్లర్ 50 బంతి మీద హాయిగా కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది. లోపల మాత్రం వదులు. గోతిలో పడ్డప్పుడల్లా కొట్టుకుంటూ అరుగుతూ ఉంటుంది. రెండింటి మీదా ముద్రించిన అంకె చదివి కలుపుకోండి. సేఫ్టీ గొలుసులు రెండింటినీ కప్లర్ కింద అడ్డంగా, కత్తెరలా దాటించి తగిలించాలి. కప్లర్ ఊడితే డ్రాబార్ నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద పడుతుంది. మలుపుకి సరిపడా పొడుగు ఉండాలి, నేలకి రాసుకోకూడదు.

లైట్లలో తొంభై పాళ్లు గొడవ ఎర్త్‌దే. పికప్‌లో చాసీయే ఎర్త్. ఇప్పుడు ఆ చాసీకీ బ్యాటరీకీ మధ్య ఉన్నది గ్రీజు పూసిన ఒక బంతి. దాని గుండా కరెంటు వెళ్తుందని నమ్ముకుంటే, ఇండికేటర్ వేసినప్పుడల్లా పార్కింగ్ లైట్లు కూడా దాంతో పాటు మిణుకుమంటాయి. ప్రతి లైటు నుంచీ ఎర్త్ వైరు విడిగా తెచ్చి ప్లగ్గులో కలపండి. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు వేస్తే కొన్ని బండ్లలో ఇండికేటర్ గబగబా కొట్టుకుంటుంది. బల్బు పోయిందని రిలే అనుకోవడం వల్ల అలా జరుగుతుంది, దానికి తగిన రిలే వేస్తే సరిపోతుంది.

తయారయ్యాక బరువు నింపి, కప్లర్ కింద తగిన ఎత్తున దిమ్మె పెట్టి, ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మెషీన్ మీద ఆనించి చూడండి. మెషీన్ సామర్థ్యం చాలకపోతే ఒక గట్టి చెక్క తీసుకోండి. ఒక కొస ఇటుక మీద, రెండో కొస మెషీన్ మీద. రెంటి మధ్య 90 సెంటీమీటర్లు. ఇటుక నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కప్లర్ ఆనించండి. మెషీన్ చూపించిన దాన్ని మూడుతో గుణిస్తే అసలు బరువు. చెక్క సొంత బరువు ముందే తీసెయ్యండి.

తర్వాత మెల్లగా నడిపి, దిగి, రెండు హబ్బులూ చేత్తో తాకి చూడండి. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బేరింగో, వదలని బ్రేకు షూవో ఉంది. 50, 80 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, యు బోల్టులు మళ్లీ బిగించాలి. వేగం పెంచేది ఆ తర్వాతే. ఎప్పుడైనా ఊగడం మొదలైతే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్యండి, అంతే. ఊపుకి ఎదురు తిప్పబోవద్దు, బ్రేకు గట్టిగా తొక్కొద్దు.

అడగండి.

(సభలోంచి ప్రశ్న: డ్రాబార్ ఎంత పొడుగుండాలి సార్? పొట్టిగా పెడితే పార్కింగ్‌కి బాగుంటుంది కదా?)

పార్కింగ్‌కి బాగుంటుందండీ, అక్కడిదాకా రివర్స్‌లో తీసుకెళ్లడానికే బాగోదు. పొట్టి డ్రాబార్ ఉన్న ట్రెయిలర్ స్టీరింగ్ కొంచెం తిప్పగానే మడత పడిపోతుంది, సరిచేసే లోపే చెయ్యి దాటుతుంది. పొడుగుది నిదానంగా తిరుగుతుంది, రోడ్డు మీద కూడా నిలకడగా ఉంటుంది. పొడుగు పెంచితే కప్లర్ మీద బరువు తగ్గుతుంది కాబట్టి ఇందాకటి లెక్క మళ్లీ వేసుకోవాలి. ఎంత అన్నదానికి ఒక పద్ధతి చెప్తాను. అట్టముక్కలు రెండు తీసుకుని, ఒకటి లాగే బండి వెనక భాగం, ఇంకొకటి ట్రెయిలర్, ఒకే స్కేలులో కత్తిరించండి. బంతి ఉండే చోట గుండుసూది గుచ్చి తిప్పండి. తొట్టి ముందు మూల బంపర్‌కి ఎక్కడ తగులుతుందో అక్కడే కనిపిస్తుంది. తగలకుండా మడత పడేంత పొడుగు పెట్టి, పైన ఓ జానెడు కలపండి. లాగే బండి వెనక తలుపు తెరిచినట్టు కూడా ఒక గీత గీసి చూడండి. ట్రెయిలర్ ముందు నిలబెట్టే జాక్ హ్యాండిల్ ఆ తలుపుకి అడ్డు తగిలే అమరికలు చాలానే ఉంటాయి, దాన్ని అట్ట మీదే పక్కకి జరిపేసుకోవచ్చు.